కుయ్యిమన్న చోటల్లా రోగమే

ఆ ఆదివారం పొద్దున వెంకటస్వామి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టిఫిను తినాలి, మెషిను నేర్చుకోవాలి, మధ్యాహ్నం సంగటీ కోడికూరా లాగించి గుర్రు పెట్టాలి. వీటిలో మధ్యలోదంటేనే ఆయనకు భయం. మిగతా రెండూ చిన్నప్పటి నుంచీ అలవాటున్నవే.

మెషిను అంటే చేతిలో పట్టుకుని తిప్పే మెటల్ డిటెక్టరు. నల్లగా, మూరెడు పొడుగున, అట్లకాడకూ టార్చిలైటుకూ పెళ్ళి చేస్తే పుట్టినట్టు ఉంటుంది. వెంకటస్వామి వయసులో ఉన్నప్పుడు ఇటుకలు మోశాడు. తర్వాత మదనపల్లె బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో గేటు వాచ్‌మన్ అయ్యి, పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయి వస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన దగ్గరున్న భద్రతా సామగ్రి ఒక విజిలూ ఒక లాఠీ. రెండింటికీ బ్యాటరీ అక్కర్లేదు. సోమవారం ఆ కాలేజీలో పెద్ద ఎంట్రన్సు పరీక్ష ఉంది, వచ్చే ప్రతి పిల్లవాడినీ ఒళ్ళంతా వెతికి లోపలికి పంపాలి. అందుకని సెక్యూరిటీ కంపెనీ ఆఫీసరు కుమార్ శనివారం సాయంత్రం ఆ మెషిను తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు.

"సూడప్పా, దీంతో బాగా చెక్ చేసేది నేర్చుకుంటే గేటు సూపర్‌వైజరు నువ్వే. నేర్చుకోలేదనుకో, శాంతిపురం పక్కన గ్రానైటు ఫ్యాక్టరీలో గేటుకు మనిషి కావాల. ఆడికి పోతావు."

శాంతిపురం అంటే కుప్పం దాకా పోవాలి. రోజూ పోయి రావడం కుదరదు, గది తీసుకుని అక్కడే ఉండాలి, చేతులు కాల్చుకుని వండుకోవాలి. వెంకటస్వామి జన్మలో ఒక్కసారి నీళ్ళు కాచాడు, ఆ గిన్నె ఇప్పటికీ నల్లగానే ఉంది. కాబట్టి సోమవారం పరీక్ష పిల్లలకన్నా ఆయనకే పెద్ద పరీక్ష.

మెషిను ఎట్లా వాడాలో కుమార్ వాయిస్ మెసేజి పెట్టాడు. వెంకటస్వామి ఫోను వంటింటి గూట్లో పెట్టి దాన్ని మోగించాడు. "ముందుగా బ్యాటరీ వేసుకోవాలి" అన్న మొదటి మాట వినగానే బ్యాటరీ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. మెసేజి మాత్రం సాగుతూనే ఉంది. వంటింట్లో చట్నీ రుబ్బుతున్న భార్య రెడ్డెమ్మ, వేరే దారి లేక, మొత్తం విన్నది.

ఆయన వరండాలో ఇనుప మంచం మీద కూర్చుని బ్యాటరీ వేశాడు. స్విచ్చి నొక్కగానే ఎర్ర లైటు వెలిగి మెషిను కుయ్యోమని గోల పెట్టింది.

"మంచం కాడ ఆన్ చేయొద్దంటాండాడు ఆ కుమారు! ఇనుము లేని సోట నిలబడి చేయల్లంట!" అని రెడ్డెమ్మ లోపలి నుంచి అరిచింది.

వెంకటస్వామి లేచి నడివరండాలో నిలబడ్డాడు. గోల ఆగింది. మెషిను పక్కన చిన్న మర ఒకటి ఉంది, ఎంత చిన్న ఇనుముకు కూత పెట్టాలో దాంతో తిప్పి పెట్టుకోవాలి. సగంలో ఉంచమని కుమార్ చెప్పాడు. ఆ మాట వెంకటస్వామి విననే లేదు. కంపెనీ మొత్తం ఇచ్చినాక సగం వాడుకోవడం దేనికని చివరి దాకా తిప్పేశాడు.

"ఏమ్మే, ఇట్లొచ్చి నిలబడు. చేతులు చాపు."

"తాళింపు మాడిపోతాండాది. చేతులు చాపే టైమా ఇది?"

"రేపు పిల్లోళ్ళు నిలబడేటట్ల నిలబడవే. ఒంటిమీద ఇనుముంటే తీసి పక్కన పెట్టు."

రెడ్డెమ్మ చేతిలో గరిటె తీసి గోడ వారగా పెట్టింది. "ఇంకేమీ లేదు" అంది. అది అబద్ధం కాదు. మన ఆడవాళ్ళ లెక్కలో ఇనుమంటే గడ్డపార, కొడవలి, పెనం. పిన్నీసు ఇనుము కాదు, గోరూ వెంట్రుకా లాగా అది ఒంట్లో ఒక భాగం. తాళికి రెండు, పైటకొకటి, కుచ్చిళ్ళకొకటి, ఎవరికైనా అవసరం పడితే ఇవ్వడానికి గాజులకు ఇంకొన్ని. ఉన్నాయన్న సంగతి వాళ్ళకే గుర్తుండదు, మొగుళ్ళకు అసలే తెలియదు.

మెషిను మెడ కింద కుయ్యిమంది. తాళి బంగారం కదా, అరుస్తుందిలే అనుకున్నాడు వెంకటస్వామి. కిందికి దించాడు. బొడ్డు దగ్గర ఇంకా గట్టిగా కుయ్యిమంది.

"ఆడేముండాదే?"

"ఆడేముంటాది? కడుపుండాది."

సరిగ్గా అప్పుడే పక్కింటి మేరమ్మ మజ్జిగకని చెంబు పట్టుకుని వచ్చింది. మేరమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ట్రాలీలు తోసింది, దుప్పట్లు మార్చింది, డాక్టర్లు మాట్లాడుకునేదంతా చెవిన వేసుకుంది. ఆ వీధికి ఆమే డాక్టరు. జ్వరమొస్తే ముందు మేరమ్మ చెయ్యి పట్టి చూడాలి, ఆ తర్వాతే మాత్ర.

"ఏం సామీ, ఏంది చేస్తాండావు ఆ బిడ్డను?" అంటూ దగ్గరికి వచ్చింది. మెషిను మళ్ళీ బొడ్డు దగ్గర కుయ్యిమంది. మేరమ్మ చెంబు కింద పెట్టేసింది.

"ఏమ్మే రెడ్డీ, కడుపులో నొస్తాండాదని అంటాంటివి గదా?"

"అవునక్కా, బజ్జీలు తిన్నప్పుడంతా."

"అదే! ఎంత గట్టిగా చెప్తాండాదో సూడు. రాయుండాది నీకు."

"అక్కా, ఇది దొంగసామాన్లు పట్టే మెషినక్కా" అన్నాడు వెంకటస్వామి.

"కడుపులో రాయి దొంగసామాను గాక సొంత సామానా? నాకు చెప్పొద్దు సామీ. మా ఆస్పత్రిలో ముందర ఎక్స్‌రేకు ఒక రూమే కావాల్సొస్తా ఉండె. ఇప్పుడు చేతిలో పట్టుకునేటట్ల చేసినారు. ఎంత సులువు చేసేసినారో!"

మజ్జిగ చెంబు మేరమ్మ ఇల్లు చేరేలోపు కబురు వీధి చివర చేరింది. వెంకటస్వామి ఇంట్లో కంపెనీ వాళ్ళు స్కానింగు పెట్టినారంట. ఊరకే చూస్తారంట.

మేరమ్మ గుడ్డిగా నమ్మే రకం కాదు, పరీక్ష పెట్టి నమ్మే రకం. పరీక్షకు రామప్పను పట్టుకొచ్చింది. రామప్ప టమోటా మండీలో హమాలీ, మదనపల్లెలో లారీ మీద నుంచి పడి కుడి తొడ విరగ్గొట్టుకున్నాడు. లోపల స్టీలు రాడ్డు వేశారు. ఆ రాడ్డు సంగతి వీధిలో కోళ్ళకు కూడా తెలుసు. వెంకటస్వామి మెషినును ఎడమ కాలు మీద తిప్పితే చప్పుడు లేదు. కుడి తొడ మీదికి రాగానే ఊరంతా వినబడేలా కూసింది.

"ఓరి నీ! నా రాడ్డు కనిపెట్టేసిందప్పా!" అన్నాడు రామప్ప, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా.

ఆ తర్వాత ఇక ఎవరూ ఎవరి మాటా వినలేదు. వరండా నిండిపోయింది. పాత రిపోర్టుల సంచులు పట్టుకుని ముసలివాళ్ళు వచ్చారు, టూత్ బ్రష్షు నోట్లో ఉండగానే కుర్రవాళ్ళు వచ్చారు. మగవాళ్ళందరికీ నడుం దగ్గర కుయ్యిమంది, ఎందుకంటే అందరి మొలతాళ్ళకూ తాయెత్తో, బీరువా తాళంచెవో, ముల్లు తీసే చిమటానో వేలాడుతోంది. ఆడవాళ్ళందరికీ రొమ్ము దగ్గరా బొడ్డు దగ్గరా కుయ్యిమంది. మేరమ్మ పక్కన నిలబడి తీర్పులు చెప్పింది. మగవాళ్ళందరికీ కిడ్నీలో రాళ్ళు, ఆడవాళ్ళందరికీ గుండె. వెంకటస్వామి "ఇది దాని మెషిను కాదు" అని అన్న ప్రతిసారీ జనం "పాపం, చిన్న రోగమైతే దాచిపెడతాడా, పెద్దదే అయ్యుంటాది" అని ఇంకా బెంబేలెత్తారు.

రోగం లేని మనిషి ఒక్కతే తేలింది, బుజ్జమ్మ. ఆమె తలంటుకుందామని గొలుసూ గాజులూ దేవుడి గూట్లో పెట్టి, నైటీ వేసుకుని, కబురు వినగానే అట్లాగే పరిగెత్తుకొచ్చింది. బుజ్జమ్మకు లేని జబ్బు లేదని పదేళ్ళుగా వీధికంతా ప్రతీతి. మోకాళ్ళు, నడుము, ఆయాసం, అప్పుడప్పుడూ కళ్ళు తిరగడం. అంట్లన్నీ కోడలు శ్వేతే తోముతుంది. మెషిను బుజ్జమ్మ తల నుంచి పాదాల దాకా వచ్చింది, మళ్ళీ పాదాల నుంచి తల దాకా పోయింది. కుయ్యనలేదు, కయ్యనలేదు.

"ఇంకొకతూరి పెట్టు సామీ. సరిగ్గా పెట్టు" అంది బుజ్జమ్మ.

మళ్ళీ పెట్టాడు. మెషిను నిద్రపోయినట్టు ఉంది.

అత్త వెనకే వచ్చి నిలబడ్డ శ్వేత మెల్లగా అంది. "ఇంటికి పోయి అంట్లు తోముకుందామా అత్తా? ఇద్దరం."

బుజ్జమ్మకు జీవితంలో అంత అవమానం జరగలేదు. విసవిసా ఇంటికి పోయి, పట్టుచీర కట్టి, పిన్నీసులు పెట్టి, తిరిగి వచ్చి వరండా మధ్యలో నిలబడింది. "ఇప్పుడు పెట్టు!" మెషిను మూడు చోట్ల కూసింది. బుజ్జమ్మ మొహం వెలిగిపోయింది. "సూసినారా? చెప్తి గదా! సూడవే కోడలా, గుండె, కడుపు, భుజం కూడా!"

అదంతా వాకిట్లో నుంచి చూస్తున్న రెడ్డెమ్మకు మాత్రం ఏదో తట్టింది. నైటీలో లేని రోగం చీరలోకి ఎట్లా వచ్చింది? లోపలికి పోయి తన కుచ్చిళ్ళకున్న పిన్నీసు తీసేసి, మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళి, మెషిను తన బొడ్డు మీద పెట్టించుకుంది. చప్పుడు లేదు.

"పిన్నీసులయ్యా! రాయీ లేదు, గుండే లేదు."

వెంకటస్వామికి ప్రాణం లేచొచ్చింది. వరండాలోకి పరిగెత్తి, "పిన్నీసులమ్మా, పిన్నీసులు! రోగాలు కావు! అందరూ ఇండ్లకు పోండి!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. పిన్నీసుకు గుండెజబ్బు చూపిస్తుందా అని వెనక నుంచి ఎవరో నవ్వారు కూడా.

ఇట్లా కాదని రెడ్డెమ్మ చాట తెచ్చింది. బుజ్జమ్మను నిలబెట్టి, అందరూ చూస్తుండగా ఆమె ఒంటిమీద పిన్నీసులు ఒక్కొక్కటే తీసి చాటలో వేసింది. గొలుసు కూడా తీసి చాటలో పెట్టించి మెషిను తిప్పింది. చప్పుడు లేదు. "సూసినారు గదా? ఇప్పుడన్నా అర్థమైందా?" అంది.

జనానికి బ్రహ్మాండంగా అర్థమైంది.

"తగ్గిపోయినాది!" అని మేరమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "ప్రభువా! తీసేసింది రోగాన్ని!"

నిజం చెప్పడం వల్ల ఇంత నష్టం జరుగుతుందని రెడ్డెమ్మ ఊహించలేదు. ఇంతవరకూ రోగం చెప్పే మెషిను, ఇప్పుడు రోగం తీసేసే మెషిను అయ్యి కూర్చుంది. వీధిలో ప్రతివాడూ బయట ఉన్న చుట్టానికి ఫోను చేశాడు. మదనపల్లె నుంచి బైకుల మీద వచ్చారు. వెంకటగిరికోట నుంచి ఒక ఆటో నిండా ముసలమ్మలు దిగారు. బేరానికి సోడాబండి కూడా వచ్చి నిలబడింది. వెంకటస్వామి చెమటలు కారుస్తూ మెషినును ఎవరికి తోస్తే వాళ్ళకు తగిలిస్తున్నాడు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "ఆడోళ్ళను మొగోడు తడివేదేందిరా? సిగ్గుండాల!"

"ఇయ్యయ్యా ఇట్ల" అని రెడ్డెమ్మ మెషిను లాక్కుంది. "వీళ్ళను నమ్మొద్దంటే నమ్మకుండా పోరు. గబగబా సూసి పంపించేస్తేనే వీధి ఖాళీ అయ్యేది. నువ్వు పోయి కోడిని కాకులు ముట్టకుండా సూసుకో."

వెంకటస్వామి గిన్నెలో కోసి ఉంచిన కోడిని ఒళ్ళో పెట్టుకుని గోడ వారన కూలబడ్డాడు.

రెడ్డెమ్మ కొంగు బిగించింది. పొద్దున చట్నీ రుబ్బుతూ విన్న వాయిస్ మెసేజి మొత్తం ఆమెకు నోటికి వచ్చేసింది, ఎందుకంటే ఆ కుమారు చెప్పిందే మూడేసి సార్లు చెప్పాడు. మర సగానికి తిప్పింది. ఒక రూపాయి బిళ్ళ మీద పెట్టి కూస్తోందో లేదో చూసుకుంది. ఆడవాళ్ళను ఒక వరసలో, మగవాళ్ళను ఒక వరసలో నిలబెట్టింది. మగవాళ్ళ వరసకు రామప్పను కాపలా పెట్టి, వాళ్ళ నడుములు మొగుడి చేత తడిమించింది, కోడి గిన్నె కింద పెట్టించి మరీ. "ఒంటిమీద ఇనుము, ఇత్తడి, ఫోను, బీగాలు, పిన్నీసులు, అన్నీ చాటలో వేయండి. తోసుకోవద్దు. చేతులు చాపు. వెనక్కి తిరుగు. పో. ఆ పక్కామె రా!" మెషిను ఒంటికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడంగా పట్టుకుని, భుజం నుంచి మడమ దాకా ఒక్క ఊపులో దించేది. ప్రతి మనిషినీ ముందు ఒక మాట అడిగేది. "గుండెలో మెషినేమన్నా పెట్టించుకోనుండారా?"

రిటైరైన టీచరు శాలేము రాజు "పెట్టించుకున్నాను తల్లీ, పేస్‌మేకరు" అన్నాడు గర్వంగా.

"అయితే మీకు పెట్టకూడదు సార్. పక్కకు పోండి."

"అంత దూరం నడిచి వచ్చానమ్మా! ఎవరు చెప్పినారు పెట్టకూడదని?"

"కుమారు చెప్పినాడు."

"ఏ ఆస్పత్రి డాక్టరమ్మా ఆయన?"

"ఏ ఆస్పత్రీ కాదు సార్. మా ఆయన ఫోన్లో ఉంటాడు" అని రెడ్డెమ్మ ఆయనకు కుర్చీ వేయించి, సోడా ఇప్పించి, మెషిను ఆయన దరిదాపుల్లోకి పోకుండా ఇంటికి పంపింది.

ఆ ఫోన్లో ఉండే కుమారే మధ్యాహ్నానికి బైకు మీద ప్రత్యక్షమయ్యాడు. పొద్దున నుంచి వెంకటస్వామికి ఫోన్లు చేస్తున్నాడు. ఆ ఫోను వంటింటి గూట్లోనే మోగి మోగి అలిసిపోయింది. వీధి మొదట్లో ఆటోలు చూసి, ఎవరైనా పోయారేమో అనుకుని కుమార్ తలమీది క్యాపు తీసి చేత్తో పట్టుకున్నాడు. వాకిలి దగ్గరికి వచ్చేసరికి రామప్ప అడ్డం తిరిగాడు.

"లైన్లో రాప్పా. అందరికీ తొందరే."

"నేనెవరో తెల్సా?"

"ఎవరైతే ఏంది? రోగం అందరికీ ఒకటే."

వెనక నుంచి జనం తోశారు. కుమార్ నేరుగా రెడ్డెమ్మ ముందు పడ్డాడు. వెంకటస్వామి అప్పుడు సోడాబండి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు, కాబట్టి ఈ రోగిని రెడ్డెమ్మే చూసుకోవలసి వచ్చింది. ఆమె కుమార్ గొంతు విన్నదే కానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"బెల్టు తీసి చాటలో వెయ్. బీగాలు. ఫోను. గుండెలో మెషినుండాదా? లేదా? చేతులు చాపు."

అంత పెద్ద ఆఫీసరు, చెప్పినవన్నీ తీసి చాటలో వేసి చేతులు చాపాడు. మెషిను నడుం దగ్గర కుయ్యిమంది.

"ఇంకేముండాది?"

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేకపోతే ఇది యాల అరుస్తాది?"

కుమార్ ఇటు చూశాడు, అటు చూశాడు. వీధి వీధంతా తననే చూస్తోంది. చొక్కా పైకెత్తి, ప్యాంటుకు ఊడిపోయిన గుండీ బదులు పెట్టుకున్న పిన్నీసు తీసి చాటలో వేశాడు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మళ్ళీ నిలబడ్డాడు. మెషిను కుయ్యనలేదు.

"తగ్గిపోయినాది నాయనా, క్షేమంగా పోయి రా" అని మేరమ్మ దీవించింది.

అప్పుడు చూశాడు వెంకటస్వామి. మొహం మీది సోడానీళ్ళు మొహం మీదే ఉండగా పరిగెత్తుకొచ్చి కుమార్ కాళ్ళ దగ్గర దాదాపు పడ్డాడు. కళ్ళముందు శాంతిపురం గేటు, నల్లటి గిన్నె, రెండూ కనిపించాయి.

"సార్! నేనేమీ చేయలేదు సార్!"

"అదే నాకూ కనబడతాండాది" అన్నాడు కుమార్.

ఆయన ప్యాంటు పట్టుకునే వరసలను చూశాడు. వేరు వేరు లైన్లు, సామాన్లకు చాట, నాలుగు వేళ్ళ ఎడం, గుండె సంగతి ముందే అడగడం. ఇరవై కాలేజీల్లో ట్రైనింగు ఇచ్చాడాయన, ఎక్కడా ఇవన్నీ ఒకచోట జరగ్గా చూడలేదు. పైగా రేపు పరీక్షకు సగం మంది ఆడపిల్లలు. వాళ్ళను ఆడమనిషే చెక్ చేయాలని రూలు. అటువంటి ఆడమనిషి కోసం కుమార్ నెల రోజులుగా మదనపల్లె అంతా గాలిస్తున్నాడు.

"అమ్మా, ఈ పని నీకు నేర్పించిందెవరు?"

"ఎవరో కుమారంట. గొంతు మంచిదేగానీ, చెప్పిందే చెప్తాడు."

కుమార్ ప్యాంటు ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత చేతిలోని క్యాపు రెడ్డెమ్మకు ఇచ్చాడు. ఆ క్యాపుతో పాటు సూపర్‌వైజరు ఉద్యోగం కూడా. కంపెనీ మెషినును వీధిలో పెట్టి ఆస్పత్రి నడిపించినందుకు వెంకటస్వామికి ఏ శిక్షా లేకుండా పోతే కంపెనీ పరువు పోతుంది కాబట్టి, శాంతిపురం గేటు ఆయనకే దక్కింది. రెడ్డెమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. నిజంగానే పెట్టుకుంది, ఆ తర్వాతే అద్దం ముందు క్యాపు సర్దుకుంది.

ఇప్పుడామె పొద్దున్నే మదనపల్లె బస్సు ఎక్కుతుంది. సంగటి ఎట్లా కెలకాలో వాయిస్ మెసేజి పెడితే, వెంకటస్వామి గదిలో పొయ్యి ముందు కూర్చుని మొదటి మాట నుంచి చివరి మాట దాకా కదలకుండా వింటాడు. బుజ్జమ్మ నైటీ వేసుకోవడం పూర్తిగా మానేసింది. మేరమ్మ ఆ మెషిను తమ వీధికి మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది.

శాంతిపురం గేటు దాటి పోయే గ్రానైటంతా నిజమైన రాళ్ళే, ఒక్కటీ కుయ్యిమనదు.